రంగస్థలం మీద చూపు, పరీక్ష గదిలో చూపు

కూచిపూడి నేర్చిన పిల్లలకు అభినయదర్పణంలోని ఎనిమిది దృష్టిభేదాలు కంఠతా వచ్చు: సమం, ఆలోకితం, సాచి, ప్రలోకితం, నిమీలితం, ఉల్లోకితం, అనువృత్తం, అవలోకితం. న్యూరాలజిస్టు పరీక్షను దగ్గర నుంచి చూసినవాళ్లు మాత్రం తక్కువ. ఆయన చేయించేవీ ఇంచుమించు ఇవే. తల కదపొద్దు, నా వేలు చూడండి, కుడికి, ఎడమకి, పైకి, కిందికి.

సాచి అంటే తల తిప్పకుండా కంటి కొసతో చూడటం. సత్యభామ ఓరచూపులో మనం అతిశయాన్ని చూస్తాం. రెండు కళ్లూ కలిసి కదిలాయా అన్న ఆలోచనే రాదు. వైద్యుడికైతే అదే ముఖ్యం. కుడికి చూడమన్నప్పుడు కుడికన్ను అటు వెళ్లి అదురుతూ, ఎడమకన్ను ముక్కువైపు రాలేక మధ్యలో ఆగిపోయిందా, మెదడు కాండంలో ఆ రెంటినీ జతపరిచే సన్నని నరాల కట్ట దెబ్బతిన్నట్టే. చిన్నవయసులో తరచు మల్టిపుల్ స్క్లెరోసిస్, పెద్దవయసులో పక్షవాతం ఇందుకు కారణం. అదే ఎడమకన్ను దగ్గరి వస్తువును చూడమంటే చాలామందిలో చక్కగా లోపలికి తిరుగుతుంది! కండరం బాగానే ఉంది, కబురే అందలేదు.

అడ్డంగా సాగే ప్రలోకితాన్నీ నిలువుగా సాగే అనువృత్తాన్నీ అభినయదర్పణం రాసిన నందికేశ్వరుడు విడదీశాడు. అలాగే మెదడూ విడదీసుకుంది: అడ్డచూపు మెదడు కాండంలోని పాన్స్‌ది, నిలువుచూపు దాని పైనున్న మధ్యమెదడుది. ఈ పోలిక నాకెంతో ఇష్టం. అయినా ఆయనకు నరాల సంగతి తెలుసనడానికి దీన్ని సాక్ష్యంగా తేకూడదు. ఆయన చదివింది ముఖాన్ని.

1964లో టొరంటోలో స్టీల్, రిచర్డ్‌సన్, ఓల్షెవ్‌స్కీ వర్ణించిన వ్యాధిలో నిలువుచూపు, అందులోనూ కిందిచూపు, క్రమంగా పోతుంది. మెట్లు దిగడం కష్టం, కంచంలో అన్నం కనబడదు. డాక్టరు తల పట్టుకుని గడ్డం పైకెత్తితే మాత్రం కళ్లు వాటంతటవే కిందికి దిగుతాయి. నర్తకి ఏళ్ల సాధనతో చూపును తన ఇష్టానికి లొంగదీసుకుంటుంది. ఈ రోగికి చూపు ఉంది, ఇష్టమే దానిదాకా చేరదు.

పాన్స్ ముందుభాగానికి రక్తం ఆగినవారి దగ్గర ఈ రెండు విద్యలూ కలుస్తాయి. కాళ్లూ చేతులూ, ముఖం, నాలుక కదలవు. సాధారణంగా అడ్డచూపూ ఉండదు. స్పృహ ఉంటుంది. ఉల్లోకితం అనే పైచూపు, అవలోకితం అనే కిందిచూపు, రెప్పపాటు మిగులుతాయి. పైకి చూస్తే అవును, కిందికి చూస్తే కాదు అని వారితో సంకేతం పెట్టుకోవచ్చు. ఇక్కడ వైద్యుడు కూడా చూపులో అర్థాన్నే వెతకాలి. మీవాళ్లెవరైనా ఐసీయూలో కదలక మెదలక పడి ఉంటే, స్పృహ లేదనుకునే ముందు పైకి చూడమని అడగండి, డాక్టరు చేతా అడిగించండి.