నికెల్ నురుగు

తమిళనాడులోని కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతంలో మన తెలుగువాళ్ల ఇళ్లెన్నో. ఎండకు కొదవలేదు, కోవిల్‌పట్టి దాటి కయత్తారు వైపు వెళ్తే వరుసగా గాలిమరలు. కానీ గాలి ఆగాక, పొద్దుగూకాక దీపం వెలగాలంటే కరెంటును దాచుకునే బ్యాటరీ లాంటి చోటుండాలి. ఆ చోటును మలిచే చేతులంటే నాకు ఎనలేని గౌరవం. అలాంటి ఒక పని నికెల్ నురుగుతో మొదలవుతుంది. స్పాంజికి నికెల్ పూత పట్టించి, లోపలి స్పాంజిని కాల్చేస్తే మిగిలేది లోహపు నురుగు. అందులో 95 శాతం దాకా ఖాళీయే. ప్రయోగశాలలో దాన్ని చిన్న ముక్కలుగా కోసి, పలచని ఆమ్లంలో ముంచి పైనున్న ఆక్సైడ్ పొర వదిలించి, అసిటోన్‌తో, నీటితో కడిగి ఆరబెడతారు. విద్యుత్తును పట్టి ఉంచే పదార్థాన్ని, కార్బన్ పొడిని, జిగురును ముద్దగా నూరి, ఆ నురుగుకు సమంగా పూస్తారు. పూత మందమైతే రంధ్రాలు పూడిపోతాయి, పలచనైతే నిల్వ చాలదు. అందుకే పూతకు ముందూ తర్వాతా సున్నితపు త్రాసులో తూచి, మిల్లీగ్రాముల తేడా చూస్తారు. అయాన్లుండే ద్రావణం రంధ్రాల్లోకి ఇంకితే అయాన్లకు దారి దగ్గరవుతుంది. ఛార్జి త్వరగా నిండుతుంది, అడగ్గానే అందుతుంది. ఇదే పనితనం పెద్ద స్థాయికి ఎదిగితే పగటి ఎండ రాత్రి పొలం మోటారును నడుపుతుంది. ఖాళీని ఇంత ఓర్పుగా తీర్చిదిద్దే ఆ నేర్పరులకు మనసారా నమస్కారం.