రాజేశ్వరరావుగారి కంఠము

సాలూరు రాజేశ్వరరావుగారి పేరు వినినంతనే ఆంధ్రులకు ‘మల్లీశ్వరి’, ‘విప్రనారాయణ’, ‘మిస్సమ్మ’ చిత్రముల స్వరకల్పన స్ఫురించును. కాని ఆయన సంగీతదర్శకుడుగా సుప్రసిద్ధుడు కాకపూర్వము, తన పాటను తానే పాడుకొన్న యువగాయకుడై, చలనచిత్రములతో సంబంధములేని లలితగీతములను గ్రామఫోను రికార్డులపై వెలయించెనన్న సంగతి నేటి శ్రోతలలో బహుకొలదిమందికే తెలియును. స్వరకర్త కీర్తి గాయకుని కంఠమును కప్పివేసినది.

మా కె.కోటపాడునుండి విజయనగరము మీదుగా పోయినచో చేరదగిన సాలూరు ప్రాంతమున, శివరామపురమను గ్రామమున, 1922లో ఆయన జన్మించెను. తండ్రి సన్యాసిరాజుగారు ద్వారం వేంకటస్వామినాయుడుగారి వాయులీనమునకు మృదంగసహకారము నొసగిన విద్వాంసులు. 1935లో ‘శ్రీకృష్ణలీలలు’ చిత్రమున కృష్ణుడై నటించి, పిదప కలకత్తాకేగి, అచట పంకజ్ మల్లిక్, సైగల్ వంటి వారి గానమార్గమును మనసున నింపుకొని మరలివచ్చిన ఈ బాలుడు, 1940లో ‘ఇల్లాలు’ చిత్రమున రావు బాలసరస్వతీదేవితో కలసి నటించెను. వారిరువురును కలసి పాడిన ప్రైవేటు గీతములును, ఆయన ఒంటరిగా పాడినవియు ఆ కాలపు ఇండ్లలో మారుమ్రోగినవి.

ఆ కంఠమును గూర్చి కొంత నిదానముగా చెప్పవలసియున్నది. 1925కు పూర్వము గాయకుడు కొమ్ముబూర వంటి గొట్టములోనికి గొంతెత్తి పాడినగాని రికార్డుపై గీత పడెడిది కాదు. విద్యుత్తుతో పనిచేయు మైకు వచ్చిన పిమ్మటనే మెల్లగా పలికిన స్వరమునకు సైతము అందు చోటు దొరకినది. తెల్లవారులు సాగు పద్యనాటకములలో, కట్టకడపటి వరుసకు వినబడునట్లు రాగము తీయు నటులను వినుచు పెరిగిన నాబోటివానికి, ఎదుట సభ యున్నదను తలంపే లేక, ప్రక్కన కూర్చున్న ఒక్కరికొరకు పాడినట్లు పాడిన ఆ గాత్రము మొదట వింతగొలిపినది, ఆ మీదట వశము చేసికొన్నది. గమకమును విదల్చి చూపడు. స్వరమునుండి స్వరమునకు జారునపుడు తొందరపడడు. పంక్తి చివర ఊపిరిని ఒక్కింత విడిచిపెట్టును.

ఇట్టి పాటలు మరుగుపడుటకు నాకు తోచిన కారణ మొకటి కలదు. చలనచిత్రగీతమునకు చిత్రము రక్ష. చిత్రమును మరల ప్రదర్శించినపుడెల్ల పాటయు మరల బ్రతుకును. పెండ్లిండ్లకు మైకుసెట్లు కట్టువారి పెట్టెలలోనైన సినిమా ప్లేట్లు మిగిలినంతగా ప్రైవేటు ప్లేట్లు మిగులలేదు. లక్కతో చేసిన ఆ పళ్లెము చేజారిన భళ్లున పగులును. బొబ్బిలి రాజవంశీయులైన వి.ఏ.కె. రంగారావుగారు వేలకొలది రికార్డులను సేకరించి, వానిని గూర్చి వ్రాసి, పాత పాటలపైకి లోకపు దృష్టిని మరల్చిరి గాని, ఒక్కరి దీక్ష ఎన్ని ఇండ్ల అటకలను తడవగలదు?

పాత రికార్డునుండి పాటను దింపుకొను పని ఓర్పుతో కూడినది. దానిని స్పిరిటుతో తుడువరాదు, లక్క కరగిపోవును. కొలదిగా సబ్బు కలిపిన నీటిని మెత్తని కుంచెతో ఆడించి, వెంటనే ఆరబెట్టవలెను. కీ ఇచ్చి తిప్పు పాతపెట్టెలో ఉక్కుముల్లు పెట్టి పదేపదే వినుట రికార్డునకు ప్రాణాపాయము. తేలికయైన పికప్పుతో, 78 చుట్ల రికార్డుల గాడికి తగిన వెడల్పు ముల్లుతో, మొదటి వాదనమునే కంప్యూటరులోనికి ఎక్కించుట ఉత్తమము. నిమిషమునకు 78 చుట్లకు మారుగా 82 తిరిగినచో శ్రుతి దాదాపు ఒక హార్మనీ మెట్టు పైకి పోవును, యువకుని గొంతు బాలుని గొంతగును. కొన్ని ప్లేట్లు అసలు ముద్రణలోనే వేగము తప్పినవి గనుక, చెవిని మించిన సాక్షి లేదు. ఇక బరబరధ్వనిని వడగట్టుటలో అత్యాశ కూడదనుట నా దృఢాభిప్రాయము. ఆ ధ్వనితోపాటు గాయకుని ఊపిరియు కొట్టుకొనిపోవును. వడగట్టని ప్రతి నొకదానిని వేరుగా దాచియుంచవలెను.

ఇట్లు ఎవరికి వారు కాపాడుకొనుటయే మనకు మిగిలినది గాని, ఇటలీ ప్రభుత్వము 1928లోనే రోమునగరమున ధ్వనిముద్రణలకొక భాండాగారమును నెలకొల్పినది. మనకు 1954 నాటి చట్టము ననుసరించి ప్రచురణకర్త తన పుస్తకపు ప్రతిని కలకత్తా జాతీయగ్రంథాలయమునకు పంపవలెను. రికార్డుల కట్టి నిర్బంధము లేదు. ధ్వనిముద్రణపై హక్కు 60 సంవత్సరములకు తీరిపోవును గనుక, సాహిత్యమునకును స్వరకల్పనకును హక్కులు వేరైనను, 1940 ప్రాంతపు ముద్రణలపై కంపెనీల హక్కు ఎన్నడో ముగిసినది. కాపాడు బాధ్యత మాత్రము ఎవరికిని సంక్రమింపలేదు. అందుచేత మా చోడవరము, మాడుగుల ప్రాంతములవారిని నేను కోరునది ఇది: ప్లేటును పాతసామానులవానికి వేయుటకు ముందు, లేబులుపై నున్న పేర్లను, సంఖ్యను, లేబులు చుట్టును నల్లని భాగమున చెక్కియున్న సంఖ్యను ఒక కాగితముపై వ్రాసి యుంచుడు.

రాజేశ్వరరావుగారి ఆ ప్రైవేటు గీతములను విన్న పిదప నేను ‘విప్రనారాయణ’ను, ‘మిస్సమ్మ’ను మరల విని యున్నాను. ఆ రెండు చిత్రములందును నాయకునికి పాడినది ఏ.ఎం.రాజా. ఎలుగెత్తక, ఒత్తిడి లేక, మెత్తగా సాగు ఆ కంఠము ఎంతయు పరిచితమైనట్లు తోచినది. రాజేశ్వరరావుగారు తన యౌవనపు గొంతును మరియొకరిచేత పాడించుకొనిరని నేను నమ్ముచున్నాను.