వేడి చివరికే

“అన్నా, ఛార్జింగ్ ఎక్కుతలేదు.” సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్ రిపేరు షాపుల్లో కాసేపు నిలబడితే ఈ మాట చెవిన పడకుండా పోదు. ఫిర్యాదు ఒకటే. దోషం మాత్రం గోడ ప్లగ్గులో ఉండొచ్చు, అడాప్టర్ వైరులో ఉండొచ్చు, జాక్‌లోనో బోర్డు మీదో బ్యాటరీలోనో ఉండొచ్చు. ఒక్కోసారి దోషమే లేకుండా ఒక సెట్టింగు ఉంటుంది. సోల్డరింగ్ ఐరన్, వేడిగాలి గన్ ప్రతి బల్ల మీదా కనిపిస్తాయి. వాటిని ఎంత ఆలస్యంగా చేతిలోకి తీసుకుంటాడన్నదాన్ని బట్టే పనివాణ్ని అంచనా కట్టొచ్చు. అనవసరంగా తగిలించిన వేడి బాగున్న అతుకుల్నీ పాడుచేస్తుంది. అందుకే ఫలానా పార్టే పోయిందని తేలేదాకా మంచి మెకానిక్ కొలతలతోనే పని నడిపిస్తాడు.

కొలతల కన్నా ముందు ప్రశ్నలు. “వైరు కదిపితే ఎక్కుతుందా తమ్ముడూ? ఆఫ్ చేసి పెడితే ఎక్కుతుందా? ఎక్కడైనా ఆగిపోతుందా?” కదిపితేనే ఎక్కుతుంటే తెగిన వైరో, వదులైన జాకో అయివుంటుంది. ఆఫ్‌లో ఎక్కి, వాడుతుంటే దిగిపోతుంటే అడాప్టర్ శక్తి చాలడం లేదేమో చూడాలి. 60 శాతం దగ్గరో 80 దగ్గరో గీత గీసినట్టు ఆగిపోతుంటే అది జబ్బే కాదు. ఎప్పుడూ ప్లగ్గులోనే ఉండే ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ తొందరగా పాడవకుండా చాలా కంపెనీలు ఆ హద్దును ఇస్తున్నాయి. సెట్టింగు మార్చి, డబ్బు తీసుకోకుండా పంపించే మెకానిక్ అడ్రసు దాచుకోవాలి. టచ్‌ప్యాడ్ పైకి ఉబికి కనిపిస్తే మాత్రం ప్రశ్నలు అక్కడితో బంద్. ఉబ్బిన లిథియం బ్యాటరీని బయటికి తీశాకే మిగతా సంగతులు.

తర్వాత అడాప్టర్. కొన్ని 65 వాట్ల రకాల మీద 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు అని రాసి ఉంటుంది. మల్టీమీటర్ ఆనించి, 19.5 చూపింది కాబట్టి బాగుందని తేల్చేవాడు సగం పనే చేశాడు. లోపల పోగులన్నీ తెగి ఒకటీ రెండే మిగిలిన వైరు కూడా లోడు లేనప్పుడు పూర్తి వోల్టేజీ చూపిస్తుంది. రెండు మూడు ఆంపియర్లు లాగేసరికి చతికిలబడుతుంది. అందుకే తెలిసినవాడు లోడు పెట్టి, మీటరు మీద కన్నేసి, వైరును పిన్ను దగ్గరా డబ్బా దగ్గరా మెల్లగా వంచుతాడు. బ్యాగులో పెట్టడానికి రోజూ చుట్టేటప్పుడు వంపంతా ఆ రెండు చోట్లే పడుతుంది, తెగడమూ ఎక్కువగా అక్కడే.

డెల్ వాళ్ల గుండ్రటి పిన్ను మధ్యలో సన్నటి సూది ఒకటి ఉంటుంది. దానిమీద వచ్చేది కబురు. తాను ఎన్ని వాట్లదో అడాప్టర్ లోపలి చిన్న చిప్పు ఆ తీగ మీదుగా ల్యాప్‌టాప్‌కి చెబుతుంది. సూది వంగినా తీగ తెగినా ల్యాప్‌టాప్ ఆన్ అవుతుంది, పని కూడా చేస్తుంది. బ్యాటరీ మాత్రం ఎక్కదు, ప్రాసెసర్ నెమ్మదిస్తుంది. ఈ సంగతి తెలియనివాడు కొత్త బ్యాటరీ అంటగడతాడు. తెలిసినవాడు ముందు భూతద్దం కింద సూదిని చూస్తాడు.

టైప్-సీ వచ్చాక ఈ మాటామంతీ మరీ ముఖ్యమైపోయింది. తగిలించగానే ఛార్జర్ ఇచ్చేది 5 వోల్టులే. ల్యాప్‌టాప్, ఛార్జర్ ‘సీసీ’ అనే పిన్ను మీద మాట్లాడుకుని ఒప్పందానికొస్తేనే అది 20కి పెరుగుతుంది. మధ్యలో చిన్న యూఎస్‌బీ మీటరు పెడితే ఈ బేరం కళ్లముందే నడుస్తుంది. 5 దగ్గరే నిలిస్తే మాట కుదరలేదు. 20కి చేరినా ఆంపియర్లు పెరగకపోతే చిక్కు బోర్డు మీదుంది. నాకు బాగా నచ్చిన పరీక్ష ఇంకొకటి ఉంది: పిన్నును తిరగేసి పెట్టడం. ల్యాప్‌టాప్ సాకెట్లో సీసీ పిన్నులు రెండుంటాయి, ఒక్కో వైపుకి ఒకటి. ఒకలా పెడితే ఎక్కి, తిరగేస్తే ఎక్కకపోతే, వేరే కేబుల్‌తోనూ అదే జరిగితే, అనుమానం ఆ సాకెట్లో ఒక వైపు మీదికి వచ్చేస్తుంది. ఒక్క స్క్రూ విప్పకుండానే మెకానిక్ ఇంత దూరం వచ్చాడు.

ఇవన్నీ దాటాకే అడుగు మూత తెరుస్తాడు. తెరవగానే చేసే పని బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం. అది ఉండగా మీటరు ప్రోబు మొన పక్కకి జారిందంటే ఉన్న జబ్బుకి కొత్తది తోడవుతుంది. ఆపైన బల్ల మీది పవర్ సప్లయ్ నుంచి 19 వోల్టులిచ్చి ఆంపియర్ల అంకె చదువుతాడు. సున్నా దగ్గరే ఉంటే కరెంటు లోపలికే పోలేదు. ఆంపియరులో వందో వంతో, రెండు వందో వంతులో చూపి నిలిస్తే బోర్డు పవర్ బటన్ కోసం ఎదురుచూస్తోంది. వోల్టేజీ ఒక్కసారిగా పడిపోతే ఎక్కడో షార్ట్.

సున్నా వచ్చిందనుకుందాం. చాలా బోర్డుల్లో జాక్ దాటిన కరెంటుకి రెండు మాస్‌ఫెట్లు, అంటే కరెంటును ఆపి వదిలే చిన్న స్విచ్చులు, అడ్డంగా ఉంటాయి. మూసి ఉన్న మాస్‌ఫెట్ కూడా ఒక దిశలో కరెంటును పోనిస్తుంది కాబట్టి, రెండిటిని ఎదురెదురుగా పెట్టి రెండు దిశలూ కట్టేశారు. వాటిని తెరిచే అధికారం ఛార్జింగ్ ఐసీది. ఒక వైపు 19 ఉండి, రెండో వైపు ఏమీ లేకపోతే మాస్‌ఫెట్ పోయిందనే అనిపిస్తుంది. ఓపికున్నవాడు మాస్‌ఫెట్‌కి ఆజ్ఞ అందే గేటు పిన్ను కొలుస్తాడు. ఎన్-ఛానల్ రకం తెరుచుకోవాలంటే గేటు మీద 19 కన్నా ఎక్కువ, దాదాపు 25 వోల్టులు కావాలి. అవి రాకపోతే మాస్‌ఫెట్‌ను అనడానికి లేదు, ఆజ్ఞ ఇవ్వని ఐసీని విచారించాలి.

షార్ట్ వెతకడంలో ఈ విద్య ఇంకా బాగా కనిపిస్తుంది. 19 వోల్టుల దారి మీద నువ్వుగింజంత సిరామిక్ కెపాసిటర్లు ఎన్నో పక్కపక్కనే కలిపి ఉంటాయి. ఒక్కటి లోపల చిట్లి షార్ట్ అయితే మీటరు అన్నిటి మీదా ఒకేలా కూస్తుంది. ఒక్కోటీ పీకి చూడటం మోటు పద్ధతి. మంచి పనివాడు పవర్ సప్లయ్‌ని 1 వోల్టుకి తగ్గించి ఆంపియర్లు పెంచుతాడు. ఆ ఒక్క వోల్టులో ఎంతో ముందుచూపు ఉంది. ఇదే దారి నుంచి ప్రాసెసర్‌కి కరెంటిచ్చే మాస్‌ఫెట్లు కూడా ఉన్నాయి. ఒకవేళ షార్ట్ అయింది వాటిలో 19 వోల్టుల వైపుదైతే, ఇచ్చిన వోల్టేజీ నేరుగా ప్రాసెసర్ మీదికి పోతుంది. ప్రాసెసర్ బతికేది 1 వోల్టు ప్రాంతంలోనే. అంటే తన ఊహ తప్పినా ఖరీదైన పార్టుకి దెబ్బ తగలకుండా ముందే చూసుకున్నాడు. ఆపైన ఐరన్ మొనతో రోజిన్ కరిగించి ఆ పొగను బోర్డుకి పట్టిస్తాడు. పార్టుల మీద తెల్లటి పొర పడుతుంది. కరెంటు ఇచ్చిన కాసేపటికి వేడెక్కిన కెపాసిటర్ మీద ఆ పొర కరిగిపోయి, అదొక్కటే తన అసలు రంగులో బయటపడుతుంది. థర్మల్ కెమెరా ఉన్న షాపుల్లో ఈ పని ఇంకా తొందరగా అవుతుంది.

వేడి తగిలించే వేళ ఇప్పుడొచ్చింది. కెపాసిటర్ తీయడం చిన్న పనే. జాక్ మార్చడం అసలు పరీక్ష. జాక్ కాళ్లలో కొన్ని బోర్డు లోపలి వెడల్పాటి రాగి పొరకి అతికి ఉంటాయి. ఐరన్ ఇచ్చిన వేడినంతా ఆ రాగి లాగేస్తుంది. కంపెనీ వాడే సీసం లేని సోల్డర్ కరగడానికి 217 డిగ్రీలు కావాలి. పనివాడు దానికి 183 డిగ్రీలకే కరిగే సీసపు సోల్డర్ కలుపుతాడు. ఆ మిశ్రమం తక్కువ వేడికే లొంగుతుంది. కింద నుంచి కాస్త వేడిచేసి, ఫ్లక్స్ రాసి, అన్ని కాళ్లూ కరిగాయని చూసుకున్నాక జాక్‌ను పైకి తీస్తాడు. కరగకముందే లాగితే రంధ్రం లోపలి రాగి గొట్టం ఊడొస్తుంది. పాత జాక్ తీసిన చోట రంధ్రాలు గుండ్రంగా, అంచులు మెరుస్తూ ఉంటే ఆ చేతిని నమ్మొచ్చు.

కంపెనీ సర్వీసు సెంటర్లు చాలావరకు బోర్డంతా మారుస్తాయి. వాళ్లకి ఒక్కో కేసు మీద ఇంతసేపు కూర్చునే వీలు లేదు, వారంటీ లెక్కలూ ఉంటాయి. బల్ల దగ్గర పనివాడు స్క్రాపు బోర్డు నుంచి తీసిన చిన్న పార్టుతో అదే బోర్డును నిలబెడతాడు. పార్టు ధర కొన్ని రూపాయలే. మిగతా బిల్లు అది ఏ పార్టో కనిపెట్టినందుకు, అది న్యాయమే. అన్నిటినీ కాపాడలేడు కూడా. నీళ్లు పడి పొరల మధ్య తుప్పు పట్టిన బోర్డును చూసి లాభం లేదని చెప్పడమూ పనిలో భాగమే. షాపు ఎంచుకునేటప్పుడు రెండు ప్రశ్నలు అడగండి: ఏ పార్టు పోయింది, అదే పోయిందని ఎట్లా తెలిసింది? రెండో ప్రశ్నకి కొలతలతో జవాబు చెప్పేవాడికి ల్యాప్‌టాప్ ఇచ్చి నిశ్చింతగా రావచ్చు.