మాంత్రికుడికి జాలరితో పని

దయ్యంతో మాట్లాడానని ఎవరైనా అంటే హైదరాబాద్‌లో ఠక్కున వచ్చే మాట ఒకటుంది: ఎర్రగడ్డ బస్సెక్కించండి. మానసిక వైద్యాలయం ఉన్న పాపానికి ఆ పేటకి అంటుకున్న పేరది. అక్కడ కాపురాలుండేవాళ్లు వినీ వినీ విసిగిపోయిన జోకు. అదే ఎర్రగడ్డలో ఆదివారం సంతకి వెళ్తే తుప్పుపట్టిన స్పానర్లు, మూగబోయిన టేపురికార్డర్ల మధ్య, అదృష్టం బాగుంటే, అట్ట ఊడిన చందమామ బైండు దొరుకుతుంది. ఈ కాలమ్ రాసే మనిషికి అలాంటివంటే ప్రాణం. బేరమాడటం చేతకాదు కనక అడిగినంతా ఇచ్చేస్తాడు. ఇంటిదాకా ఆగలేక మెట్రోలోనే విప్పుతాడు.

ఆ బైండ్లలో సీరియల్స్ మీద రచయిత పేరుండదు. 1947 జులైలో మద్రాసులో మొదలైన చందమామలోకి 1952లో కొడవటిగంటి కుటుంబరావు, దాసరి సుబ్రహ్మణ్యం వచ్చారు. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘పాతాళదుర్గం’ అన్నీ రాసింది దాసరి. చిత్రా బొమ్మలు చూసి భయపడుతూ చదివిన పిల్లలకి ఆయన పేరు తెలిసేసరికి తల నెరిసింది. మహిమలున్న రహస్య సంఘం అంటూ మనకి ఒకటుంటే అది ఆ సంపాదకవర్గమే. తమాషా ఏమిటంటే ఆ సంఘానికి పెద్ద మార్క్సిస్టు. మంత్రాల మీద నమ్మకం లేని కుటుంబరావు చేతి కిందనే నెలనెలా మాంత్రికులు పుట్టారు. నమ్మకం లేనివాడు మహిమ మీద భారం వేసి ఊరుకోలేడు. ఎవరికి ఎంత శక్తి ఉందో, అది ఎక్కడ చెల్లదో లెక్క కట్టుకుంటాడు. ఆ కథలు ఇప్పటికీ బిగువుగా ఉండటానికి ఇదీ ఒక కారణమని ఈ రచయిత అనుమానం.

‘ముగ్గురు మాంత్రికులు’ సంగతి చూడండి. దాని ఎత్తుగడ అరేబియన్ నైట్స్‌లోని జూదర్ కథది. జూదర్ కైరోలో చేపలు పట్టి తల్లిని పోషించే కుర్రాడు. ఒకనాడు చెరువు దగ్గర ఓ పెద్దమనిషి వచ్చి, తన చేతులు విరిచికట్టి నీళ్లలోకి తోయమంటాడు. చేతులు పైకి తేలితే వలేసి లాగాలి, కాళ్లు తేలితే చచ్చినట్టు లెక్క. ఎవరు వీళ్లు? మాంత్రికుడైన తండ్రి పోయాక ఆయన గ్రంథం నాదంటే నాదని తగువుపడుతున్న అన్నదమ్ములు. విద్య నెత్తురులోనే ఉంది. వారసత్వంలో ఏ లోటూ లేదు. అయినా ఆ గ్రంథం దక్కాలంటే ముందు ఓ నిధి తెరవాలి, ఆ నిధి తలుపు జాలరి కుర్రాడి చేతికి తప్ప తెరుచుకోదు. దాసరి ఆ కుర్రాడికి పింగళుడని పేరు పెట్టి, అత్యాశ అన్నలని అలాగే ఉంచి, భయంకరమైన కొండల్లోకీ లోయల్లోకీ తిప్పాడు.

మహిమ గలవాడికి ఇలా బయటివాడితో పనిపడటం తెలుగువాళ్లకి కొత్త కాదు. మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’ పన్నెండు భాగాల్లో మణిసిద్ధుడి చేతిలో జరిగినదంతా చూపించే మణి ఉంది. అంతటి యతికి కాశీదాకా తోడు మాత్రం దొరకదు. చివరికి ఒప్పుకున్నది ఓ గొల్లకుర్రాడు. వాడిదీ ఒక షరతు: దారిలో తను అడిగిన ప్రతిదానికీ కథ చెప్పాలి. యాత్ర నడిచేది మణితోనే కాదు, వాడి ప్రశ్నలతోనూ.

1951 మార్చిలో విడుదలైన ‘పాతాళభైరవి’ ఆ మజిలీల గాలి పీల్చిందే. చందమామ పెట్టిన నాగిరెడ్డి, చక్రపాణిలే తీశారు. కె.వి.రెడ్డి దర్శకుడు, పింగళి మాటలు, మార్కస్ బార్‌ట్లే కెమెరా. నేపాళ మాంత్రికుడు సకల విద్యలూ సాధించి, దేవికి బలి ఇవ్వడానికి ఓ సాహసవంతుణ్ణి వెతుక్కుంటూ ఉజ్జయిని వస్తాడు. దొరికినవాడు తోటరాముడు, రాజుగారి తోటమాలి కొడుకు. బలి కావాల్సినవాడే బలి ఇస్తాడు. గమనించాల్సింది ఆ తరవాతి సంగతి: చివరిదాకా వాడు తోటమాలి కొడుకుగానే ఉంటాడు. భుజం మీద పుట్టుమచ్చ బయటపడదు, తప్పిపోయిన యువరాజని ఏ దాదీ వచ్చి ఏడవదు. అంత గొప్ప మాంత్రికుడి బలమేమో గడ్డంలో ఉంటుంది, మాయమాటలకి లొంగి దాన్నీ గీయించుకుంటాడు. ఎస్వీ రంగారావు కాబట్టి ఆ మూర్ఖత్వం కూడా హుందాగా కనిపించింది.

‘బాహుబలి’కి వచ్చేసరికి లెక్క తిరగబడింది. జలపాతం కింద గూడెంలో పెరిగిన శివుడు ఎంత కొండెక్కినా, కట్టప్ప వాడి పాదం నెత్తిన పెట్టుకునేది ఎక్కినందుకు కాదు, తండ్రి పోలిక కనిపించినందుకు. రక్తం గొడవ మనకి ఎప్పుడూ లేదని కాదు. గుణాఢ్యుడి బృహత్కథలో విద్యాధరులకి చక్రవర్తి అయ్యే నరవాహనదత్తుడు ఉదయనుడి కొడుకే. రౌలింగ్ కూడా మాంత్రికుల బిడ్డనే నాయకుణ్ణి చేసింది, కానీ పళ్ల డాక్టర్ల కూతురు హెర్మయొనీని పక్కన నిలబెట్టి రక్తశుద్ధి వాదాన్ని ఏడు పుస్తకాల పొడుగునా చీల్చింది. రాజమౌళి సినిమా ఆ ప్రశ్న జోలికే పోలేదు. చూడటానికి బ్రహ్మాండం, అడగటానికి ఏమీ మిగల్చదు.

ఇప్పుడు ఫాంటసీ రాయబోయే కుర్రవాళ్లు ముందుగా వంశవృక్షం గీసుకుంటారు. ఏడు కులాలు, మూడు ముద్రలు, ఒక శాపం. దాని బదులు, గుప్తవిద్య తెలిసినవాళ్లకి బయటివాడితో ఏం పనిపడిందో తేల్చుకుంటే కథ తనంతట తానే కదులుతుంది. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ గోడగోడకీ కోచింగ్ బోర్డులున్న కాలంలో గుప్తవిద్య అన్న మాటకి ఎలాగూ పాత భయం లేదు. భయం ఎక్కడినుంచి పుట్టించాలో యండమూరికి తెలుసు. ఆంధ్రభూమి వారపత్రికలో ‘తులసిదళం’ వచ్చినప్పుడు జనాన్ని కాష్మోరా పేరే వణికించింది, నిజమే. కానీ అందులోని పసిపిల్ల మీద చేతబడి చేయించింది ఆమె పేరున ఉన్న ఆస్తి. అలాంటి ఆస్తి గొడవలు పాఠకుడికి తెలుసు. చేతబడి చేసిన ఒడిశా మంత్రగాడు తెలియకపోయినా ఫరవాలేదు.

ఇంకా ఎవరూ తాకని పాత్ర ఒకటుంది. ‘పాతాళభైరవి’లో పద్మనాభం వేసిన సదాజపుడు. నిజంగా ఆ పరంపరలో ఉన్నది అతనొక్కడే. గురువు పక్కన మంత్రాలు వల్లించాడు, చచ్చిన గురువుని మూలికతో బతికించాడు. రాకుమారి, సంపద, భైరవి ప్రతిమ అన్నీ తోటమాలి కొడుక్కీ గురువుకీ మధ్య చేతులు మారాయి తప్ప ఇతనివైపు ఎవరూ చూడలేదు. గడ్డం లేని గురువుని చూసిన రోజున అతనికి ఏమనిపించి ఉంటుందో డెబ్భై ఏళ్లు దాటినా ఎవరూ రాయలేదు. సీరియల్‌కి అక్కడ చోటుంది.