చందమామ వెలుగు వాడ దాకా వచ్చిందా? – కొ.కు. సంపాదకత్వం, బాలసాహిత్యంలో కులం

తెలుగు బాలసాహిత్యం గురించి రాసేవాళ్లు ‘చందమామ’ దగ్గరికి రాగానే విమర్శ పక్కన పెట్టి దండం పెడతారు. ఆ పత్రికను ప్రశ్నిస్తే బాల్యాన్నే ప్రశ్నించినట్టు బాధపడేవాళ్లూ ఉన్నారు. అయితే ఎవరి బాల్యం? నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మాల, మాదిగ వాడల్లోంచి, ఇంట్లో అక్షరం ముక్క లేకుండా బడికి వచ్చిన పిల్లల వైపు నిలబడి ఈ ప్రశ్న అడగాలనుకుంటున్నాం.

1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసు నుంచి ‘చందమామ’ మొదలుపెట్టారు. అప్పటికి మా జిల్లాలు నిజాం రాజ్యంలో ఉన్నాయి. నల్లగొండ పల్లెలు వెట్టి మీద, గడీల మీద తిరగబడి ఉన్నాయి. ఈ నేల మీద సంపాదకులు లేరని కాదు. 1922లో షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నల్లగొండ నుంచి ‘నీలగిరి పత్రిక’ తెచ్చారు. గద్వాల ప్రాంతంలో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో హైదరాబాదులో ‘గోలకొండ పత్రిక’ పెట్టారు. అవి పెద్దల పత్రికలు. పిల్లల చేతికందిన కథ మాత్రం మద్రాసు నుంచే రావలసి వచ్చింది.

ఆ కథకు రూపం ఇచ్చినవాడు కొడవటిగంటి కుటుంబరావు. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా చందమామ పని చూశారు. మార్క్సిస్టు, హేతువాది, విరసం నాయకుల్లో ఒకరు. కథాసరిత్సాగరం, జాతక కథలు, అరేబియన్ నైట్స్, భారత రామాయణాలు ఆయన చేతి మీదుగా పిల్లల వచనమయ్యాయి. బయటివాళ్లు పంపిన కథలను కూడా తిరగరాసేవారు. పత్రిక మొత్తం ఒక్క గొంతుతో మాట్లాడినట్టుండేది. తెలుగు పిల్లల కథ అంటే ఇట్లాగే ఉండాలన్న అచ్చు అక్కడ తయారైంది.

ఆయన చేసిన మేలు ముందుగా ఒప్పుకోవాలి. పద్యం, సమాసం, గ్రాంథికం మనకు మూసిన తలుపులు. కొ.కు. వాక్యానికి పండితుడు అక్కర్లేదు. చిన్న వాక్యం, తెలిసిన మాట, అలంకారం లేని క్రియ. ఇంట్లో అర్థం చెప్పే దిక్కులేని పిల్ల ఒంటరిగా చదివి ఒంటరిగానే అర్థం చేసుకోగల వాక్యం అది. మాలాంటి మొదటితరం చదువరులకు పాఠ్యపుస్తకం కన్నా పాత చందమామలే చదవడం నేర్పాయి. బేతాళుడి ప్రశ్న దగ్గర కథ ఆగినప్పుడు న్యాయం ఏదో పిల్లలే ఆలోచించుకోవాలి. ఇది చిన్న విషయమేం గాదు.

కాని, వాక్యాన్ని నున్నగా చేసిన కలమే లోకాన్ని కూడా నున్నగా చేసింది. చందమామ గ్రామానికి ఊరుంది, వాడ లేదు. రాజు, మంత్రి, జమీందారు, వ్యాపారి, బ్రాహ్మణుడు, రైతు, మాంత్రికుడు ఉంటారు. పేదవాడూ ఉంటాడు. పేదవాడికి కులం ఉండదు. పేదరికం దురదృష్టంలా వస్తుంది, రాజు బహుమానంతో పోతుంది. తాత వెట్టి చేసిన ఇంటి పిల్లకు ఈ మంచి జమీందారు ఎక్కడివాడని అనుమానం రావాలి. రాకుండా చేయడమే ఈ కథల నేర్పు.

క్రియలు చూడండి. రాజు చెరువు తవ్వించాడు, గుడి కట్టించాడు, దండోరా వేయించాడు. తవ్విందెవరు? కట్టిందెవరు? డప్పు కొట్టిందెవరు? రాజకుమారి పెళ్లి కబురైనా, దొంగను పట్టిస్తే ఇచ్చే బహుమానమైనా డప్పు లేనిదే ఊరికి చేరదు. డప్పు చప్పుడు వినిపిస్తది, డప్పు పట్టిన చెయ్యి కనిపించదు. పొలాలు పండుతుంటాయి, మోటకు తోలు కుట్టినవాడు ఉండడు. 1994లో మాదిగ దండోరా లేచినప్పుడు ఆ డప్పు రాజు మాట మానేసి తన మాట చెప్పింది. బాలసాహిత్యం మాత్రం ఆ చప్పుడును ఇంకా సరిగా వినలేదు.

భాష సంగతీ అంతే. మన ఇండ్లల్ల ‘చేసిండు’, ‘వచ్చిండు’. చందమామలో ‘చేశాడు’, ‘వచ్చాడు’. కృష్ణా, గుంటూరు చదువరుల వ్యావహారికం అందరి వ్యావహారికంగా చెలామణి అయింది. పిల్లవాడు చదవడం నేర్చుకుంటూనే తన అవ్వ మాట తప్పని కూడా నేర్చుకున్నాడు.

మరి మన దగ్గర కథలు లేకపోయెనా? డక్కలివాళ్లు వాడకొచ్చి జాంబపురాణం చెప్పారు. పాలమూరులో పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథ పాడారు. ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పెట్టినవాడు పాటలో వీరుడు. చందమామ కథలో దొంగ పట్టుబడాలి, లేదా బుద్ధి తెచ్చుకోవాలి. ఆస్తి ఎట్ల వచ్చిందనే ప్రశ్న పాటలో ఉంది, అచ్చుకథలో లేదు. అంతెందుకు, జాతక కథల్లోనే మాతంగ జాతకం ఉంది. బోధిసత్వుడు అందులో చండాలుడు. అతన్ని చూసినందుకే షావుకారు బిడ్డ కళ్లు కడుక్కుంటుంది. అతను వాళ్ల గడప ముందు పడుకొని కదలడు. పిల్లలకు జాతకాలంటే కోతి, మొసలి కథలే ఎందుకు ముందుకొస్తాయి? ఏ కథ ముందుండాలో నిర్ణయించే అధికారమే సంపాదకత్వం.

ఇది కొ.కు. దురుద్దేశం అని మేము అనడం లేదు. పత్రిక అనేక భాషల్లోకి పోవాలి, ఏ ఊరికైనా సరిపోయే కథ కావాలి, అంటే ఏ ఊరిదీ కాని కథ కావాలి. అది వ్యాపారం అవసరం. దానికి అభ్యుదయ దృష్టి అడ్డుపడలేదు. పేద అన్న మాట చాలు, కులం చెప్పనక్కర్లేదనే వర్గదృష్టికి ఆ కథ ఇబ్బందిగా తోచలేదు. మార్కెట్టుకు, మార్క్సిస్టుకు మధ్య ఈ ఒక్క విషయంలో తగాదా లేకపోయింది. మన అభ్యంతరం అక్కడ.

2013 నాటికి చందమామ ఆగిపోయింది. ఆ సంపాదకత్వం ఆగలేదు. 2008లో హైదరాబాదులోని అన్వేషి, దళిత, ముస్లిం బాల్యాల కథలను పిల్లల పుస్తకాలుగా తెచ్చింది. గోగు శ్యామల కథల్లో మాదిగ పిల్లలు జాలికోసం గాక తెలివితో, ఆటతో నిలబడ్డారు. దారి ఉందని దాంతో తేలింది. ఇప్పుడు తెలంగాణలో బడిపిల్లలు రాసిన కథలు సంకలనాలుగా వస్తున్నాయి. వాటిని దిద్దే పంతుళ్లలో మన వాడల నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. అసలు పరీక్ష వాళ్లకే. పిల్ల ‘వచ్చిండు’ అని రాస్తే ‘వచ్చాడు’ అని కొట్టేస్తామా? కథలో పెద్దకూర ఉడికితే పప్పుగా మారుస్తామా? ‘మా వాడ’ను ‘మా గ్రామం’ చేస్తామా?

కొ.కు. దగ్గర నేర్చుకోవలసింది సాఫీ వాక్యం. నేర్చుకోకూడనిది ఆ సాఫీ కోసం మనుషుల్ని చెరిపేయడం. డప్పు కొట్టినవాడి పేరుతో కథ మొదలుపెట్టి, నాలుగో తరగతి పిల్ల ఒంటరిగా చదువుకోగలిగేటట్టు రాసిన రోజు మనం ఆ సంపాదకుడి బాకీ తీర్చినట్టు, ఆయన మనకు పడ్డ బాకీ వసూలు చేసుకున్నట్టు.