దిగడం నేర్చిన కాళ్లు

అరవై కిలోల మనిషి ఒక మీటరు ఎత్తు నుంచి దూకాడనుకోండి. నేల తాకే క్షణానికి వేగం సెకనుకు సుమారు 4.4 మీటర్లు. ఎంత ఒడుపుగా దూకినా ఈ లెక్క మారదు. మారేదల్లా ఆ వేగం ఎంత దూరంలో ఆగుతుందన్నదే. మోకాళ్లు బిగదీసి రెండు సెంటీమీటర్లలో ఆగితే సగటున మూడు టన్నుల బరువు మీద పడ్డట్టే. తుంటి, మోకాలు, చీలమండ కలిసి మడతపడుతూ ఒళ్లు అర మీటరు కుంగితే అది 180 కిలోలకు దిగివస్తుంది.

ఆ అర మీటరును సంపాదించడమెలాగో కేరళ యుద్ధవిద్య కలరిపయట్టుకు బాగా తెలుసు. అందుకే కత్తి, డాలు చేతికిచ్చే ముందు చాలాకాలం కాళ్లతోనే పని చేయిస్తారు. ఉత్తర కేరళ కలరి నేలను తవ్వి దించిన మట్టి గది. సంప్రదాయ కొలత 42 అడుగుల పొడవు, 21 అడుగుల వెడల్పు. అందులో చేరినవాళ్లు మొదట కాలు నిటారుగా విసరడం, తర్వాత నేలకు ఆనేంతగా కుంగి లేవడం సాధన చేస్తారు. ఏనుగు, సింహం, గుర్రం, అడవిపంది, పాము, పిల్లి, కోడి, నెమలి భంగిమలను వడివులంటారు. వీటిలో తొడలు పడే శ్రమ అంతా ఇంతా కాదు.

ఆ శ్రమే దూకినప్పుడు అక్కరకొస్తుంది. తాడు కట్టిన నిండు బిందెను కిందికి దించేటప్పుడు తాడును గట్టిగా పట్టుకుంటూనే కొద్దికొద్దిగా వదులుతాం కదా, నేలకు దిగేటప్పుడు తొడ ముందరి కండరమూ పిక్క కండరమూ చేసేది అదే. బిగువు వదలకుండానే సాగుతాయి. వేగాన్ని అవి మింగితే కీళ్ల మీద భారం తగ్గుతుంది. పాదం ముందుభాగం మొదట ఆని, తర్వాత మడమ దిగాలి. మోకాలు లోపలికి వాలకుండా కాలివేళ్ల దిక్కుకే వంగాలి, వాలితే లోపలి స్నాయువు తెగే ప్రమాదముంది.

ఇంకో వింత ఉంది. పాదం నేల తాకకముందే కండరాలు బిగుసుకుని సిద్ధమవుతాయి. చీకట్లో లెక్క తప్పి, లేని మెట్టు ఉందనుకుని అడుగేస్తే వెన్ను ఝల్లుమనేది ఈ సన్నాహం గురి తప్పినందుకే. వేలసార్లు దూకిన ఒంటికి ఆ గురి కుదురుతుంది.

కండరాలు బిగుసుకుపోకుండా వానాకాలంలో గురువు పైనుంచి వేలాడే తాడు పట్టుకుని, శిష్యుడి ఒంటికి నూనె పట్టించి పాదాలతో మర్దన చేస్తాడు. దిగడం కోసం కలరిలో ఇంత సాధన ఉంటే, మన బడుల్లో మాత్రం లాంగ్‌జంప్‌లో ఎంత దూరం దూకాలో చెప్తాం, ఎలా దిగాలో చెప్పం. ఇది నాకు చాలా బాధ కలిగించే లోటు.

కేరళలోని వడకరకు చెందిన కలరి గురువు మీనాక్షి అమ్మ ఏడేళ్ల వయసులో కలరిలో అడుగుపెట్టారు. 2017లో పద్మశ్రీ అందుకునే నాటికి ఆమెకు డెబ్బై దాటాయి. అప్పటికీ చీరకట్టులోనే కర్ర పట్టి, తనకన్నా ఎంతో చిన్నవాళ్లతో తలపడుతున్నారు.