కదలిక చివర కాంక్రీటు

చలనశిల్పాలుగా పేరొందిన కృతులలో చాలావాటిని ఒక సందేహం వెంటాడుతూనే ఉంటుంది: ఇది కళాకృతియా, ప్రయోగశాలలో ఉండవలసిన ఉపకరణమా? ఈ సందేహాన్ని విమర్శకులే పుట్టించలేదు. 1919-20లో నౌమ్ గాబో మాస్కోలో ఒక సన్నని ఉక్కు కడ్డీని విద్యుత్తుతో కంపింపజేసి, గాలిలో స్థిర తరంగాకృతిని నిలిపాడు. పదార్థం లేనిచోట పరిమాణాన్ని చూపిన ఆ రచనను, శిల్పమనడం కంటే చలనశిల్ప భావనకు వివరణ అనడమే తగునని తరువాత ఆయనే అభిప్రాయపడ్డాడు.

వివరణ శిల్పంగా మారగలదని నిరూపించిన కృతి అమెరికన్ శిల్పి ఆర్థర్ గాన్సన్ నిర్మించిన 'మెషీన్ విత్ కాంక్రీట్'. ఒక చివర నిమిషానికి సుమారు 200 చుట్లు తిరిగే చిన్న మోటారు. దాని వెంట వరుసగా 12 జతల వర్మ్ గేర్లు. ఒక్కొక్క జత వేగాన్ని యాభయ్యో వంతుకు తగ్గిస్తుంది. చివరి చక్రం కాంక్రీటు దిమ్మెలో బిగిసి ఉంది. అయినా మోటారు నిరాటంకంగా తిరుగుతూనే ఉంటుంది.

సూత్రం కొత్తది కాదు. గోడగడియారంలో నిమిషాల ముల్లునూ గంటల ముల్లునూ కలిపేదీ అదే. కొత్తదనమంతా దానిని సాగదీసిన తీరులో ఉంది. మొదటి జత దాటగానే నిమిషానికి నాలుగు చుట్లు. రెండవదాని తరువాత ఒక చుట్టుకు పన్నెండున్నర నిమిషాలు, మూడవదాని తరువాత పది గంటలకు పైగా, నాలుగవదాని తరువాత ఇంచుమించు మూడు వారాలు. అయిదవది దాటితే మూడేళ్లు, ఆరవది దాటితే దాదాపు 149 ఏళ్లు. మనిషి ఆయుర్దాయం ఆ రెండింటి నడుమ ముగుస్తుంది. యంత్రం ఇంకా సగం మిగిలే ఉంటుంది! చివరి చక్రం ఒక చుట్టు తిరగడానికి రెండు లక్షల కోట్ల సంవత్సరాలకు పైగా పడుతుంది. విశ్వం వయస్సు సుమారు 1,380 కోట్ల సంవత్సరాలు మాత్రమే.

ఈ సంఖ్య పక్కనున్న ఫలకం మీద చదివితేనే కదా తెలిసేది, కంటికి కనిపించేదేమిటి అన్న ఆక్షేపణ తేలికగా తోసివేయదగినది కాదు. గాన్సన్ చేసిన మరొక రచనలో కోడి విష్‌బోన్ రెండు కాళ్లతో నడుస్తూ తన వెనుక యంత్రాన్ని ఈడ్చుకుపోతున్నట్లు కనిపిస్తుంది. నిజానికి దానిని నడిపించేది ఆ యంత్రమే. అక్కడ ఫలకంతో పని లేదు, చూపరి ఇట్టే నవ్వుతాడు. ఆ నవ్వు ఎంతసేపు నిలుస్తుందన్నది వేరే సంగతి. కాంక్రీటు యంత్రం ముందు మాత్రం కన్ను మూడవ, నాలుగవ చక్రం దాకా కదలికను వెదికి ఓడిపోతుంది. అక్కడి నుంచి లెక్క అందుకుంటుంది. ఆ ఓటమి జరిగేది చూపరి కంటిలోనే. ఫలకం దానిని కలిగించలేదు, దాని పరిమాణాన్ని మాత్రమే చెబుతుంది.